పాపం, లాక్!

ఫైల్ సర్వర్‌లో లాక్ అంత అమాయక ప్రాణి మరొకటి లేదు. రోమింగ్ ప్రొఫైల్ మొరాయించిన ప్రతిసారీ ‘ఫైలు లాకైపోయింది’ అని తీర్పు చెప్పి, ఆ లాక్‌ని తెగ్గొట్టి, టికెట్ మూసేయడం ఆఫీసుల్లో స్థిరపడ్డ ఆచారం. సర్వర్‌లో ఓపెన్ ఫైల్స్ జాబితా తెరవడం, రైట్ క్లిక్ కొట్టడం, క్లోజ్ ఓపెన్ ఫైల్ నొక్కడం. అప్పటికీ లొంగకపోతే ప్రొఫైల్ ఫోల్డర్ పేరు చివర ‘ఓల్డ్’ అని తగిలిస్తారు. మర్నాడు ఖాళీ డెస్క్‌టాప్ ముందు కూర్చున్న ఉద్యోగి ఔట్‌లుక్ సంతకం దగ్గర్నుంచి సంసారం మళ్లీ మొదలుపెట్టుకుంటాడు. రికార్డుల్లో మాత్రం సమస్య పరిష్కారమైంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి ఐటీ విభాగం కనిపెట్టిన పద్ధతి ఇది.

నిజానికి లాక్ చేసిన నేరమేమిటి? ఏ సీట్లో లాగిన్ అయినా మన సెట్టింగులు మన వెంటే రావాలన్నది రోమింగ్ ప్రొఫైల్ వెనకున్న, విండోస్ ఎన్‌టీ కాలం నాటి ఆశ. అందుకోసం లాగిన్‌లో ప్రొఫైల్ సర్వర్ నుంచి పీసీకి దిగుతుంది, లాగాఫ్‌లో తిరిగి ఎక్కుతుంది. యూజర్ రిజిస్ట్రీని మోసే ఎన్‌టీయూజర్.డాట్ ఫైలు సెషన్ నడిచినంతసేపూ పీసీలో తెరిచే ఉంటుంది. మనం లాగాఫ్ అన్నా ఏదో ఒక సర్వీసు దాన్ని వదలకపోతే ఈవెంట్ లాగ్‌లో 1530 నంబరు ఎంట్రీ పడుతుంది. ఆ ఎంట్రీని కిందిదాకా చదివే ఓపిక ఉంటే, ఏ ప్రాసెస్, దాని నంబరెంత, ఏ రిజిస్ట్రీ కీ పట్టుకు కూర్చుంది అన్నీ రాసి ఉంటాయి. దొంగ పేరు, చిరునామాతో సహా ఫిర్యాదు అందితే, మనం ఫిర్యాదుదారుణ్ని లోపలేస్తున్నాం.

‘అంతా యాంటీవైరస్ చలవే’ అని కొందరంటారు. కొంత నిజమే. సర్వర్ వైపు కాపీ తెరుచుకునేది కాపీ జరిగే కాసేపే. ఆ సమయంలోనే స్కానరో బ్యాకప్పో అదే ఫైల్లో వేలు పెడితే ‘వేరే ప్రాసెస్ వాడుతోంది’ అనే 32వ నంబరు ఎర్రర్ రావొచ్చు. మరి ప్రొఫైల్ షేర్ మీద ఆఫ్‌లైన్ ఫైల్స్ క్యాషింగ్ ఆపమని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతుంటే దాన్ని ఆన్‌లో ఉంచింది ఏ వైరస్? రిమోట్ డెస్క్‌టాప్‌లో మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి ఇంటికెళ్లిపోయేది ఎవరు? అది లాగాఫ్ కాదు, డిస్‌కనెక్ట్. సెషన్ రాత్రంతా బతికే ఉంటుంది, రిజిస్ట్రీ తెరిచే ఉంటుంది. పొద్దున ఇంకో మెషీన్లో కూర్చుని, నిన్నటి మార్పులేవీ అని సర్వర్‌ను నిలదీస్తాం.

లాకులే లేకపోతే హాయి కదా అనేవారికి ఒక్క మాట. ఒకే యూజర్ రెండు పీసీల్లో లాగిన్ అయితే, ఏ ఎర్రరూ రాకుండానే, చివర లాగాఫ్ అయిన పీసీ రిజిస్ట్రీయే సర్వర్‌లో మిగులుతుంది. ముందు లాగాఫ్ అయిన పీసీలో మార్చుకున్న సెట్టింగులు గంగపాలు. దాని మీద టికెట్ ఉండదు, ఎందుకంటే ఎర్రర్ మెసేజ్ లేదు. అరిచిన చోట కొడుతున్నాం, దోపిడీ మాత్రం ఎవరూ అరవని చోట జరుగుతోంది. పోనీ 2018లో మైక్రోసాఫ్ట్ కొన్న ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కు మారదామా? మారొచ్చు, మంచిదే. ప్రొఫైల్ మొత్తం ఒక వర్చువల్ డిస్క్‌లో ఉంటుంది, పూటపూటా కాపీ చేసే బెడద లేదు. కానీ మామూలు సెట్టింగుల్లో ఆ డిస్క్ ఒక సెషన్‌లో తగులుకుని ఉండగా రెండో సెషన్‌కు దొరకదు. డిస్‌కనెక్ట్ చేసి ఇంటికెళ్లే అలవాటు మనతోపాటే అక్కడికీ రోమింగ్‌లో వస్తుంది కాబట్టి, క్లోజ్ ఓపెన్ ఫైల్ బటన్‌కు అక్కడా గిరాకీ తగ్గదు.