పాతిక లక్షల పలక

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య బీమా సంస్కరణ మూడు పనుల సమాహారం. కార్డు మీద పేరు మార్చడం ఒకటి, బొమ్మ మార్చడం రెండు, కింద ఉన్న అంకె పెంచడం మూడు. ఆస్పత్రికి బిల్లు కట్టడమనే నాలుగో పని కూడా ఉంది కానీ అది సంస్కరణ కిందికి రాదు, ఆర్థిక శాఖ కిందికి వస్తుంది.

పథకం పుట్టుక 2007 ఏప్రిల్ 1. రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పాకింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన మరో 50 వేలు. గుండె ఆపరేషన్ అంటే ఎకరం అమ్ముకోవడమే అనుకున్న ఇళ్లలో ఆ ఎకరం మిగిలింది. ఇంతవరకు వెక్కిరించడానికేమీ లేదు.

వెక్కిరింతకు చోటు ఆ తర్వాత దొరుకుతుంది. రాష్ట్రం విడిపోయాక పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, పరిమితి రెండున్నర లక్షలైంది. 2019లో ప్రభుత్వం మారి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2023 డిసెంబరులో పరిమితి ఏకంగా పాతిక లక్షలకు ఎగిరింది. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది, పేరు మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవకు వచ్చింది. ఇది చూస్తే మా మార్కాపురం గుర్తొస్తుంది, అది పలకలకు ప్రసిద్ధి. ఒకప్పుడు తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దింది ఇక్కడి రాతి పలకల మీదే. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పాత రాత పోయి కొత్త రాతకు చోటు దొరకడం పలకలోని సుగుణం. పథకం తయారుచేసిన అధికారులు మార్కాపురం వచ్చి శిక్షణ పొందిన దాఖలాలు లేవు. పనితనం మాత్రం ఇక్కడిదే.

పాతిక లక్షల అంకెను కాస్త వివరించాలి. పరిమితి అంటే డబ్బు కాదు. జాబితాలో ఉన్న 3,257 చికిత్సల్లో ప్రతిదానికీ ప్యాకేజీ ధర ముందే ఖరారై ఉంటుంది. కడుపునొప్పితో వచ్చి అపెండిక్స్ తీయించుకునే మనిషికి పరిమితి రెండున్నర లక్షలైనా పాతిక లక్షలైనా ఆస్పత్రికి దక్కేది అదే ప్యాకేజీ. అవయవ మార్పిడి లాంటి పెద్ద వైద్యం అవసరమైన కొద్దిమందికి పెద్ద పరిమితి నిజంగానే ప్రాణం పోస్తుంది. మిగతావాళ్లకు అది ఊట లేని బావికి చేంతాడు పొడుగు చేయడం. మార్కాపురం ఉన్న పశ్చిమ ప్రకాశంలో ఈ పోలికను ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

పథకం అమలయ్యే చోటు సచివాలయం కాదు, ఆస్పత్రి గుమ్మం పక్కనున్న చిన్న బల్ల. అక్కడికి చేరడమే మొదటి ఘట్టం. మార్కాపురం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. గిద్దలూరు వాళ్లు నల్లమల ఘాటు దాటి నంద్యాల పోతారు. మరీ పెద్ద జబ్బయితే గుంటూరు రైలు. స్కానింగు ఫిల్ముల కవరు, క్యారియరు, చుట్టిన దుప్పటి, వెంట కూలి మానుకుని వచ్చిన కొడుకు. ఈ ఖర్చుకు ప్యాకేజీ లేదు. బల్ల దగ్గర కార్డు చూపించాక వేలిముద్ర అడుగుతారు. ఏళ్ల తరబడి పలకలు కోసి, మిరపకాయలు ఏరి అరిగిన వేలును యంత్రం మనిషిదిగా ఒప్పుకోదు. "చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టు పెద్దమ్మా" అంటారు. కొంగుకు తుడుచుకుని పెడుతుంది. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, ఆ చెయ్యి కాకపోతే ఈ చెయ్యి. చివరికి పచ్చలైటు వెలిగితే పెద్దమ్మ పెద్దమ్మేనని రుజువైనట్టు. తర్వాత వినిపించే మాటకు రాష్ట్రమంతటా ఒకే పాఠం: "పైనుంచి అప్రూవల్ రావాల. ఈలోగా టెస్టులకు కట్టండి."

అప్రూవల్ వచ్చి వైద్యం జరిగి పెద్దమ్మ ఇంటికి చేరాక ఆస్పత్రి బిల్లు బయలుదేరుతుంది. దాని ప్రయాణం గుంటూరు రైలు కంటే దీర్ఘమైనది. బకాయిలు పేరుకుపోయాయంటూ ప్రైవేటు ఆస్పత్రులు 2024 మేలో ఒక ప్రభుత్వం మీద, 2025లో ఇంకో ప్రభుత్వం మీద సేవలు ఆపేశాయి. ఈ విషయంలో పార్టీల మధ్య విభేదం లేదు. 2025 అక్టోబరు 10న మొదలైన సమ్మె నాటికి దాదాపు 2,700 కోట్లు రావాలని ఆస్పత్రుల సంఘం లెక్క చెప్పింది. ఆ సంఘానికి పొట్టి పేరు 'ఆశ'. ఇది వ్యంగ్యం కోసం కల్పించిన పేరు కాదు. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రం 1962 జూలైలో అందరికీ ఆరోగ్య బీమా తెచ్చినప్పుడు అక్కడి డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. వాళ్లు ఆ చట్టమే వద్దన్నారు. ఇక్కడ పథకాన్ని వద్దన్నవాళ్లు లేరు. ఇస్తామన్న డబ్బు ఇమ్మన్నారంతే. సమ్మె జరిగిన అన్ని రోజులూ కార్డు మీద పరిమితి పాతిక లక్షలే, ఒక్క రూపాయి తగ్గలేదు.

సమ్మెకు నెల ముందు, 2025 సెప్టెంబరు 4న, రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. ఆదాయంతో పని లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు వర్తింపు. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, అది దాటితే పేద కుటుంబాలకు పాతిక లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు. అప్రూవల్ ఆరు గంటల్లో, బిల్లు పదిహేను రోజుల్లో. 2007లో బీమా కంపెనీతోనే మొదలుపెట్టి, తర్వాత దాన్ని తప్పించి ట్రస్టు చేతికిచ్చి, ఇప్పుడు ఇద్దరినీ కలిపారు కాబట్టి దీనికి హైబ్రిడ్ అని పేరు. ఈ మాట మార్కాపురం రైతుకు విత్తనాల కొట్టు దగ్గర బాగా పరిచయం. హైబ్రిడ్ గింజ ఒక్క పంటకే, దాచి మళ్లీ విత్తితే పనికిరాదు, ఏటా కొత్తగా కొనాలి. బీమా ప్రీమియం కూడా అంతే.

అదే రోజు అదే మంత్రివర్గం పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలోకి మళ్లించింది. అందులో మార్కాపురం ఒకటి. రాయవరం దగ్గర ప్రభుత్వ సొమ్ముతో పునాది వేసుకుని లేచిన గోడలు పూర్తయ్యేలోపు గత ప్రభుత్వం దిగిపోయింది. వచ్చిన ప్రభుత్వం వాటిని పూర్తి చేసేవాళ్ల కోసం బయట చూస్తోంది. రోగి చేతికి పాతిక లక్షల కార్డు ఇవ్వాలన్న నిర్ణయం, ఆ కార్డు చెల్లాల్సిన ఆస్పత్రిని ఇంకొకరు కట్టాలన్న నిర్ణయం ఒకే సమావేశంలో, బహుశా ఒకే టీ విరామానికి అటూ ఇటూ జరిగాయి.

ఇక పథకంలో చేరని జబ్బు ఒకటుంది. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి, నలభై ఏళ్లకే మోకాలు పట్టేస్తుంది. మూత్రపిండాలు చెడినవాళ్లకు డయాలసిస్ ప్యాకేజీ ఉంది. ఫ్లోరైడ్ లేని బిందెడు నీళ్లకు మాత్రం 3,257 చికిత్సల జాబితాలో కోడ్ లేదు. ఆ నీళ్లు తెస్తుందన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితమయ్యాయి. అంకితమైనవి సొరంగాలే, నీళ్లు కావు.

2025 డిసెంబరు 31 నుంచి మార్కాపురం జిల్లా కేంద్రం. ఇక్కడి కుటుంబాల కార్డుల మీద చిరునామాలో ఇంకా ప్రకాశం జిల్లా అనే ఉంది. కొత్త కార్డులు అచ్చు వేయాలి. ఆ పనికి బకాయిలు అడ్డురావు.