లాగండి, వదలండి, ఊపిరి పీల్చుకోండి

మీకు కోడ్ రాదు కదా, చాలా మంచిది. వచ్చినవాళ్లు పని మొదలెట్టే ముందు కాగితం మీద గళ్లు గీసుకుంటూ రోజులు గడిపేస్తారు. మీరు నేరుగా రంగుల దగ్గరికి వెళ్లిపోండి. అపార్ట్‌మెంట్ సంఘానికి మెయింటెనెన్స్ యాప్ కావాలనుకుందాం. ఫ్లాట్ ఎవరిది, అద్దెకుండేదెవరు, డబ్బు కట్టేదెవరు అన్నవి చిల్లర విషయాలు. బటన్ నీలమా, నారింజా అన్నదే అసలు సమస్య. దానికో కమిటీ వేయండి.

1991లో వచ్చిన విజువల్ బేసిక్‌లోనే బటన్లను మౌస్‌తో లాగి తెర మీద పెట్టే వీలుండేది. కాకపోతే నొక్కితే ఏం జరగాలో రాయక తప్పేది కాదు. ఇప్పుడు దానికీ డబ్బాలూ బాణాలూ వచ్చేశాయి. ఏం జరగాలో తెలియకపోయినా బాణం గీసేయొచ్చు.

వివరాలన్నీ ఒకే షీట్‌లో పోయండి. నెల మారినప్పుడల్లా కొత్త కాలమ్ చేర్చండి. పరీక్షించేటప్పుడు పది వరసలు చాలు. కోడ్ రాయకుండా యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌లో కొన్ని రకాల వెతుకులాటలు డేటా ఉన్నచోట కాకుండా మీ ఫోన్‌లోనే జరుగుతాయి. అప్పుడది మొదటి 500 వరసలే తెచ్చుకుంటుంది, సెట్టింగ్ మార్చినా 2,000 దాటదు. ఆ తర్వాతి బకాయిలు యాప్ కంటపడవు, కట్టనివాళ్లు మిమ్మల్ని దీవిస్తారు. యాప్ తయారుచేసేటప్పుడు పసుపుపచ్చ త్రికోణం ఒకటి హెచ్చరిస్తుంది గానీ, పసుపు శుభసూచకం, దాని జోలికి పోకండి.

ఆటోమేషన్ లేని యాప్ యాపే కాదు. ‘రికార్డు మారితే మెసేజ్ పంపు’ అని ఒక నియమం పెట్టండి. ‘మెసేజ్ వెళ్తే ఆ తేదీ రికార్డులో రాయి’ అని ఇంకొకటి. తేదీ రాస్తే రికార్డు మారుతుంది, మారితే మెసేజ్ వెళ్తుంది. తెల్లారేసరికి ఫ్లాట్లన్నీ మేలుకుంటాయి. జాపియర్ లాంటి సేవలు చేసిన పనుల్ని లెక్కగట్టి వసూలు చేస్తాయి కాబట్టి వాళ్లకూ పండగే.

అనుమతుల గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి. పవర్ యాప్స్ పోర్టల్స్‌లో పట్టికల అనుమతుల మీట ఒకప్పుడు ఆఫ్‌లోనే వచ్చేది. దాన్ని ఎవరూ పట్టించుకోక, 47 సంస్థల దగ్గరున్న సుమారు 3.8 కోట్ల రికార్డులు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయని 2021లో అప్‌గార్డ్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. కొందరి సోషల్ సెక్యూరిటీ నంబర్లూ అందులో ఉన్నాయి. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ మీటను ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. మీకు అలాంటి మీట కనిపిస్తే వెంటనే ఆఫ్ చేసేయండి, లేకపోతే ‘నాకేమీ కనపడట్లేదండీ’ అని ఒకటే ఫోన్లు.

రేపు మీరు యాప్ కట్టిన వేదికే మూతపడితే? అవన్నీ అపశకునపు మాటలు. గూగుల్ యాప్ మేకర్ 2021 జనవరిలో మూతపడింది, నిజమే. బబుల్ అనే వేదికలో కట్టింది కోడ్‌గా బయటికి రాదు, డేటా మాత్రమే దించుకోవచ్చు, అదీ నిజమే. అయినా నెలనెలా డేటా దించుకునే పిరికితనం మీకెందుకు?

చివరిగా, మొత్తం యాప్‌ను సెక్రటరీ గారి సొంత జీమెయిల్ మీద కట్టండి. ఆయన అమ్మాయి పురిటికని డాలస్ వెళ్తారు. ఓటీపీ ఇక్కడ బీరువాలో ఆపేసి పెట్టిన ఫోన్‌కి వస్తుంది. ఆయన తిరిగొచ్చేదాకా మీకు దిక్కు వాచ్‌మన్ దగ్గరున్న రిజిస్టరే. దాన్ని కూడా యాప్ చేసిపెడతానని ఎవరైనా వస్తే, కాఫీ ఇచ్చి పంపేయండి.