రెండిండ్ల కావలి: ఒక ప్రోటీను ఆత్మకథ

శాస్త్రజ్ఞులు నన్ను ఎం.ఎస్.హెచ్.1 అందురు. ఆవమొక్క కుటుంబమునకే చెందిన అరబిడాప్సిస్ అను చిన్న కలుపుమొక్కయందు, కేంద్రకములోని మూడవ క్రోమోజోముపై నున్న యొక జన్యువు ఆజ్ఞచొప్పున, 1118 అమైనో ఆమ్లముల గొలుసుగ నేను రూపు దాల్చితిని. పుట్టినచోట నిలుచు యోగము నాకు లేదు. నే నెచ్చటికి బోవలయునో నా మొదటికొసనున్న చిన్న తునుక తెలుపును. అది చెప్పినట్లు మాలో కొందరము మైటోకాండ్రియాకును, కొందరము హరితరేణువునకును పోయి కొలువు చేయుదుము.

ఈ రెండిండ్లవారును ఒకప్పుడు స్వేచ్ఛగ బ్రతికిన సూక్ష్మజీవులే. కణములో కాపురము పెట్టిన పిమ్మట తమ జన్యువులలో చాలభాగమును కేంద్రకమునకు అప్పగించినను, కొంత ఆస్తిని తమకడనే యుంచుకొనిరి. మా మొక్క మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. పాఠమును 1997లోను, హరితరేణువు పాఠమును 1999లోను విద్వాంసులు పూర్తిగ చదివి ప్రకటించిరి. మొదటిది ఇంచుమించు 3,67,000 క్షారజతలు, రెండవది 1,54,478. ఎండతోను ప్రాణవాయువుతోను నిత్యము వ్యవహరించు నిట్టిచోట్ల డి.ఎన్.ఏ. త్వరగ చెడునని యెవరైన తలతురు. జంతువుల మైటోకాండ్రియాలో మార్పులు వడిగనే జరుగుచున్నవి కూడ. కాని 1987లో వుల్ఫ్, లీ, షార్ప్ అను మువ్వురు లెక్కకట్టి చూడగా, మొక్కలలో వ్యవహారము తలక్రిందులుగ నుండెను: హరితరేణువులలో మార్పులవేగము కేంద్రకమునందలి వేగములో సగము, మైటోకాండ్రియాలో హరితరేణువు వేగమునందు మూడవవంతుకంటెను తక్కువ. ఈ నెమ్మదికి నేనును ఒక ముఖ్యకారణమని చెప్పుకొనుటకు సంకోచింపను.

బాక్టీరియాలలో నాకు మ్యూట్-ఎస్ అను బంధువు గలదు. జంటపోగులలో ఒకదానికొకటి పొసగని క్షారములను గుర్తించి పట్టుకొనుట వాని పని. ఆ నేర్పు నాకును వంశపారంపర్యముగ సంక్రమించినది. పైగా వానికి లేని యాయుధ మొకటి, డి.ఎన్.ఏ.ను కోయగల కత్తెర, నా తోకకడ అతుకుకొని యున్నది. పొసగని జంట కనబడినప్పుడు వానిలో ఏది మూలము, ఏది ప్రమాదమని తేల్చుట సులభము కాదు. కావున నే నచ్చట తీర్పు చెప్పుటకు పూనుకొనక, పోగులనే తెగగొట్టుదుననియు, తెగిన కొనలు అదే రేణువులోని మఱియొక ప్రతిని చూచి పూరింపబడుననియు శాస్త్రజ్ఞులు ఊహించిరి. తాళపత్రగ్రంథమును పరిష్కరించు పండితుడు సందిగ్ధపాఠము వచ్చినచోట ప్రత్యంతరమును తెప్పించి చూచుట యిట్టిదే. ప్రతిరేణువునందును డి.ఎన్.ఏ. ప్రతులు పెక్కు లుండుట యీ పద్ధతికి అనుకూలము. అతుకుపనిలో రెక్-ఏ వంశమువారును, వదులుగ వ్రేలాడు ఒంటిపోగులను పట్టియుంచి కానిచోట అంటుకొననీయని విర్లీ ప్రోటీనులును తోడ్పడుదురు. వారి గుణగణములను వర్ణించుట వారి ఆత్మకథలకే విడుచుచున్నాను.

నా విలువ నేను లేనప్పుడే లోకమునకు తెలిసినది. హంగరీనుండి వచ్చి అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమున పనిచేసిన రెడై పండితుడు 1973లో నా జన్యువు చెడిన మొక్కలను వర్ణించెను. పచ్చని యాకుపై ఇచ్చట నొక తెల్లని చార, అచ్చట నొక పాలిపోయిన మచ్చ. ఆ తావుల హరితరేణువులు పత్రహరితమునకు నోచుకొనక వ్యర్థములై యుండును. అట్టి మొక్క పూవునకు ఆరోగ్యముగల మొక్క పుప్పొడిని అద్దినచో, తండ్రి యిచ్చిన మంచి జన్యువుచేత సంతానమునందు నేను మరల కొలువున బ్రవేశింతును. ఐనను మచ్చలు పోవు. హరితరేణువులు తల్లి అండముద్వారా వచ్చునవి గనుక, నేను లేని కాలమున చెడినవి చెడినట్లే దిగివచ్చును. ఉన్న ప్రతులన్నియు చెడిన పిమ్మట, సరిచూచుటకు మంచిప్రతి నా కెక్కడిది? కొత్త తప్పును రాకుండ చేయగలనేకాని, స్థిరపడిన తప్పును తుడువలేను.

ఆ చెడిన జన్యువు నాదేయని 2003లో నెబ్రాస్కాలోని సాలీ మెకెంజీ బృందము తేల్చెను. 2020లో కొలరాడోయందు డేనియల్ స్లోన్ బృందము, మరమ్మతు చేయు జన్యువులను వేఱువేఱు మొక్కలలో చెరచి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, ఉత్పరివర్తనములు విశేషముగ పెరిగినది నేను లేని మొక్కయందేయని ప్రకటించెను.

ఇక కడపటి మాట. 2007లో పొగాకునందును టొమాటోయందును నా జన్యువు నోరు బుద్ధిపూర్వకముగ నొక్కిరి. నేను లేని మైటోకాండ్రియాలో డి.ఎన్.ఏ. ముక్కలు చోట్లు మారి, కొన్ని మొక్కలు పుప్పొడి చేయు శక్తిని గోల్పోయెను. సంకరవిత్తనములను పండించువారికి అట్టి పురుషవంధ్యములైన మొక్కలు మిక్కిలి ప్రయోజనకరములు. నన్నణచిన కృత్రిమజన్యువును పిదప తొలగించినను, ఆ గుణము తల్లినుండి బిడ్డకు తరతరములుగ నిలిచియే యుండెను.