డ్రమ్మరు పేరు

ఇంటర్లో ఉండగా మా పక్కింటి కుర్రాడు ర్యాపర్ ఎమినెం భక్తుడు. ‘ర్యాప్ గాడ్’ పాటలో ఆరు నిమిషాల నాలుగు సెకన్లలో 1,560 మాటలున్నాయట, గిన్నిస్ వాళ్లు కూడా రాసుకున్నారట. గుక్క తిప్పుకోకుండా ఎన్ని మాటలు అంటే అంత గొప్ప అని వాడి లెక్క. నవ్వడానికేం లేదు లెండి. పౌరాణిక నాటకాల్లో పద్యం అర్థం కాకపోయినా, రాగం సాగదీశాడు కదా అని ‘వన్స్‌మోర్’ కేకలేసిన తరం మాది.

ఇంజనీరింగుకి హైదరాబాదు వెళ్లాక వేగం మీద మోజు తగ్గింది. గదిలో గోడ మీదికి టూపాక్ వచ్చాడు, ఏడాది తిరిగేసరికి నాస్ వచ్చాడు. సెలవులకి రాజమండ్రి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పేవాడు. 1994 నాటి ‘ఇల్‌మాటిక్’లో ఒక పాటకి నాస్ తండ్రి ఒలు దారా కార్నెట్ వాయించాడని చెబుతుంటే వాడి మొహం వెలిగిపోయింది. “తండ్రీ కొడుకూ ఒకే పాటలో, మాస్టారూ!”

పక్కనే వాళ్ల నాన్న సైడు డ్రమ్ము బిగించుకుంటున్నాడు. ఆయనది బ్యాండు మేళం. ఈ కుర్రాడు పసితనంలో పెళ్లి ఊరేగింపుల వెనక జనరేటరు బండి మీదే నిద్రపోయేవాడు. కాలేజీ ఫారంలో మాత్రం తండ్రి వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాశాడని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది.

2018లో కెండ్రిక్ లమార్ ఆల్బంకి సంగీతంలో పులిట్జర్ వస్తే, “ఇప్పుడేమంటారు?” అని ఫోన్ చేసి మరీ నన్ను నిలదీశాడు. నేను ఏమీ అనలేదు, అంతకుముందూ ఏమీ అనలేదు. ఆ తర్వాత వాడికి మాటల మీద కూడా ధ్యాస తగ్గి, వాటి కింద మోగే దరువు మీదికి మళ్లింది. బ్రాంక్స్‌లో 1973లో చెల్లెలి పార్టీకి రికార్డులు వేసిన కూల్ హెర్క్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఒకే రికార్డువి రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, పాట మధ్యలో డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాస్త చోటునే హెర్క్ మళ్లీ మళ్లీ వేసేవాడట. కుర్రకారు చిందులేసేది అక్కడే కదా. ఇది మాత్రం నాకూ బాగా నచ్చింది.

అలా తవ్వుకుంటూ పోయి డ్రమ్మరు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ దగ్గర ఆగాడు. జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’ 1970లో విడుదలైంది. అందులో స్టబుల్‌ఫీల్డ్ ఒక్కడే వాయించిన ఆ కొన్ని సెకన్లని కోసుకుని, పబ్లిక్ ఎనిమీ మొదలుకొని వందల పాటలవాళ్లు తమ పాటల్లో అతికించుకున్నారు. రచయితగా పేరు బ్రౌన్‌ది, కాబట్టి డ్రమ్మరుకి రాయల్టీ లేదు. ఆయన 2017లో పోయాడు. చెబుతుంటే కుర్రాడి గొంతు పూడుకుపోయింది.

“పేరైనా వెయ్యలేదుట్రా?” అన్నాడు వాళ్ల నాన్న.

“చాలామంది వెయ్యలేదు నాన్నా. దొంగతనం కాదూ ఇది?”

ఆ ఏడు మూఢంలో పెళ్లిళ్లు లేక ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. డాబా మీద కాసేపు వాయించమని కొడుకు అడిగాడు. ఫోన్లో రికార్డయ్యేది చప్పుడొక్కటే అని తెలిసినా, ఆయన బ్యాండు ఎర్రకోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని మరీ మెట్లెక్కాడు.

ఆ దరువు మీద కుర్రాడు కట్టిన పాట బాగా పాకింది. ఒక రేడియో వాళ్లు పిలిచి మాట్లాడించారు. వినడానికి వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి, కుర్చీ నా ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

“ఆ డ్రమ్ము ఎక్కడిదండీ? ఒళ్లు జలదరిస్తోంది!” అంది యాంకరమ్మాయి.

“పాత రికార్డులు వెతుకుతుంటే దొరికిందండీ. వాయించిందెవరో తెలీదు. ఇలాంటివాళ్ల పేర్లు ఎవరూ దాచరు, అదే నా బాధ” అన్నాడు వాడు. అక్కణ్ణుంచి క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ గురించి చెప్పాడు, చాలా బాగా చెప్పాడు.

నేను ఫోను కట్టెయ్యబోయాను. ఆయన వద్దన్నాడు. మొత్తం అయిపోయేదాకా విని, అప్పుడడిగాడు.

“ఆ అమెరికా ఆయనకి కొడుకులున్నారా, మాస్టారూ?”