పది ముద్దల భోజనం

టోక్యోలో ఎడొగావా వార్డు, అందులో నిషికసాయ్ అనే పేట. రైలు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడో ఒకచోట తెలుగు చెవిన పడుతుంది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో వాటిని బాగుచేయడానికి మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామంది, తొజాయ్ రైలు లైను మీద ఆఫీసులకు దగ్గరని ఇక్కడ అద్దెకు దిగారు. కంప్యూటర్లు ఆగలేదు, దిగినవాళ్ళూ కదల్లేదు. ఇప్పుడక్కడ కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. ఈ వ్యాసకర్త మేనల్లుడి కాపురమూ ఆ పేటలోనే.

"మావయ్యా, ఈ రాత్రికి సుషి తిందాం" అన్నాడు మేనల్లుడు. మావయ్య మొహం చూసి, "పక్క సందులోనే. పెద్ద హోటలేం కాదులే" అని కలిపాడు.

ఆ మాటతో ధైర్యం రావాలి. దిగులు వచ్చింది. పచ్చి చేప పెట్టేది పెద్ద హోటలైతే, తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి వాళ్ళకో కారైనా ఉంటుందని వ్యాసకర్త లెక్క.

ఆ సందులో ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడిచినా హోటలు కనపడలేదు. బోర్డు లేదు, లైట్ల దండ లేదు, 'ఫ్యామిలీ ఏసీ' లేదు, 'మాకెక్కడా బ్రాంచీలు లేవు' అన్న హెచ్చరికా లేదు. ఒక తలుపు మీద మాత్రం ఎవరో తువ్వాలు చీల్చి ఆరేసినట్టు నీలం గుడ్డ వేలాడుతోంది. దాన్ని నోరెన్ అంటారు. అది బయట వేలాడితే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీస్తే మూసినట్టు. ఎడో కాలంలో, అంటే టోక్యోను ఎడో అనే రోజుల్లో, సుషి తిన్నవాళ్ళు పోతూ పోతూ దానికే చేతులు తుడుచుకునేవారట, ఎంత మాసిన గుడ్డయితే అంత మంచి కొట్టని గుర్తట. ఈ లెక్కన మన ఊరి మెస్సుల్లో చేతులు కడిగే చోట వేలాడే తువ్వాళ్ళకు ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో!

లోపల అడుగు పెట్టీ పెట్టగానే "ఇరాష్షాయ్!" అని కేక. తిట్టారేమోనని వ్యాసకర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. "రండి రండి అంటున్నాడు మావయ్యా, పద" అని మేనల్లుడు వెనకనుంచి తోశాడు.

చెక్క బల్ల ముందు ఎనిమిది కుర్చీలు, పక్కన రెండు చిన్న టేబుళ్ళు. పాట లేదు, టీవీ లేదు. బల్ల మీద చల్లటి గాజు పెట్టె, అందులో కోసి సర్దిన చేప ముక్కలు. దాని వెనక డెబ్బై ఏళ్ళ పెద్దాయన, టీ అందిస్తూ ఆయన భార్య. అంతే సిబ్బంది. వచ్చినవాళ్ళందరూ ఆయన్ని 'తైషో' అంటున్నారు. సేనాపతి అని అర్థం. విజయవాడ గాంధీనగర్‌లో వెన్న ఇడ్లీ తినేవాళ్ళకు బాబాయి హోటల్ ఉన్నట్టు వీళ్ళకు సేనాపతి ఉన్నాడు. మనం అన్నం పెట్టేవాణ్ణి చుట్టాన్ని చేసుకుంటాం, వాళ్ళు చేతిలో కత్తి చూసి పదవి ఇచ్చారు.

గోడ నిండా చెక్క బిళ్ళలు, వాటి మీద చేపల పేర్లు. ధరలు లేవు. కొన్నిటి కింద మాత్రం రెండక్షరాలు ఉన్నాయి, 'జికా' అని. ఇవాళ్టి ధర అని అర్థం. ఆ ఇవాళ్టి ధర ఎంతో ఎక్కడా రాసి లేదు. గోదావరి గట్టున పులస అమ్మేవాడు కూడా ఇంతే, ముందు మన వాలకం చూసి తర్వాత రేటు చెబుతాడు. ట్యూనా పేరు చదివి వినిపించగానే వ్యాసకర్తకు ఎప్పుడో చదివిన వార్త గుర్తొచ్చింది. 2019 జనవరిలో టొయొసు మార్కెట్ కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల ట్యూనా ఒకటి 33 కోట్ల 36 లక్షల యెన్‌లకు పోయింది. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం గానీ, ఈ చేపకు ఒక ఇంటి పుస్తెలు ఏ మూలకు? మండలం మొత్తం ఇవ్వాలి.

"సాల్మన్ అడగరా, అదొక్కటే నాకు తెలుసు" అన్నాడు వ్యాసకర్త.

లేదన్నాడు తైషో. పాతకాలపు కొట్లలో కొన్ని దాన్ని ఇప్పటికీ పెట్టవు. అక్కడి సముద్రపు సాల్మన్‌లో పురుగులుంటాయని జపాన్‌వాళ్ళు ఉప్పేసి కాల్చుకునే తినేవారు తప్ప పచ్చిగా ముట్టేవారు కాదు. 1980ల్లో నార్వేవాళ్ళు తాము పెంచిన చేపను తెచ్చి, దీన్ని పచ్చిగా తినొచ్చు బాబూ అని ఏళ్ళ తరబడి నచ్చజెప్పి అలవాటు చేశారు. పచ్చి చేపంటే భయపడ్డ జపాన్‌వాళ్ళు కూడా ఉన్నారని తెలిశాక వ్యాసకర్త ప్రాణం కుదుటపడింది.

బిళ్ళల జోలికి పోనక్కర్లేదు, పళ్ళెం లెక్కన మూడు తరగతులుంటాయి: నామి, జో, తొకుజో. స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ అనుకోవచ్చు. 'ఒమకసే' అని ఇంకో పద్ధతుంది, అంటే అంతా మీ ఇష్టం అని తైషోకే వదిలేయడం. అత్తారింట్లో "మీ ఇష్టమండీ" అన్న పాపానికి మూడు పూటలు కదల్లేకపోయిన అనుభవం ఉన్న వ్యాసకర్త అటు పోనివ్వలేదు. మేనల్లుడు తమ ఇద్దరికీ థర్డ్ ఏసీ చెప్పాడు.

"'సాబీ నుకీ' చెప్పనా మావయ్యా? వసాబీ లేకుండా ఇస్తారు. పిల్లలు అలాగే తింటారు."

"ఒరేయ్, గుంటూరు నాలుకరా ఇది!"

నిజమే, కానీ మిరపకాయ పని నాలుక మీద, వసాబీ పని ముక్కులో. గుంటూరులో చేసిన సాధన ఇక్కడ చెల్లదు. మొదటి ముద్దకే వ్యాసకర్త నడినెత్తి తెరుచుకుంది, కళ్ళలోంచి ధారలు కారాయి. సుషి కొట్టు భాషలో వసాబీకి 'నమిదా' అని ముద్దుపేరు, కన్నీళ్ళని అర్థం. పేరు పెట్టినవాడు అనుభవించే పెట్టాడు. వెంట వచ్చిన శ్రీమతి మాత్రం గోరంత నాలుకకు రాసుకుని చూసి, "ఇదేముంది, మా ఊళ్ళో పనసపొట్టు కూరలో పెట్టే ఆవే కదా" అంది. ఆవిడది కోనసీమ. ఆవిడ చెప్పింది శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది: ఆవ మొక్కా వసాబీ మొక్కా ఒకే కుటుంబం, నూరితే రెండింటి నుంచీ లేచే ఘాటు పదార్థం కూడా ఒకటే. జపాన్ బయట వసాబీ పేరుతో దొరికే ముద్దలో చాలావరకు ఆవపిండి, ముల్లంగి లాంటి వేరొక ఘాటు దుంప, ఆకుపచ్చ రంగు కలిపినదే. అంటే కోనసీమ ఆడపడుచుకు వసాబీ తెలియదనడానికి వీల్లేదు.

సుషి అంటే చేప అనుకుంటాం గానీ, ఆ మాటకు అర్థం పులుపు. పులుపు అన్నానిదే. వండిన అన్నంలో వెనిగర్, ఉప్పు, పంచదార కలిపి, ఒంటి వేడికి చల్లారాక ముద్ద కడతారు. "అయితే పోపు లేని పులిహోరన్నమాట" అని శ్రీమతి తేల్చేసింది, మేనల్లుడు కాదనలేకపోయాడు. మొదట్లో ఇంతకన్నా ఘోరం. చేపను ఉప్పుతోనూ అన్నంతోనూ నెలల తరబడి ఊరబెట్టి, ఊరిన చేపను తిని అన్నాన్ని పారేసేవారు! షిగాలో బివా సరస్సు చేపను ఇప్పటికీ అలా ఊరబెడుతున్నారు. ముద్ద మీద చేప పెట్టి అప్పటికప్పుడు చేతికిచ్చే పద్ధతిని 1820ల్లో ఎడో నగరంలో హనాయా యొహెయ్ వ్యాప్తిలోకి తెచ్చాడంటారు. అప్పటి ముద్ద ఇప్పటిదానికి రెండు మూడింతలుండేది. అమ్మేది రోడ్డు పక్క బండి మీద, తినేది నిలబడి. ఇవాళ పెద్ద పెద్దవాళ్ళు నెలల ముందు సీటు రాయించుకుని తినే సుషి మూలపురుషుడు, మన సెంటర్‌లో పునుగుల బండికి వేలువిడిచిన చుట్టమే.

పెద్దవాళ్ళు తిన్నంత మాత్రాన కొట్టు పెద్దదైపోదు. ఒబామా 2014 ఏప్రిల్‌లో జపాన్ ప్రధాని అబేతో కలిసి తిన్న టోక్యో గింజా కొట్టు కూడా మెట్రో స్టేషన్ దగ్గర నేలమాళిగలో ఉంటుంది, పది సీట్లు.

పళ్ళెంలో వచ్చినవి పది. ఒక్కో ముద్దలో అన్నం 20 గ్రాములకు మించదు. మన పెళ్ళిళ్ళలో వడ్డించేవాడి గరిటెకు అంటుకుని ఉండిపోయే అన్నం అంత. ఈ పది లెక్కకు మాత్రం ఒక కథ ఉంది. యుద్ధం తర్వాత, 1947లో, బియ్యం కరువుతో టోక్యోలో హోటళ్ళు మూతపడ్డాయి. సుషి వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టి సర్కారును ఒప్పించారు: మేం భోజనం అమ్మట్లేదు, జనం తెచ్చిన రేషన్ బియ్యాన్ని సుషిగా మార్చి ఇస్తున్నాం, తీసుకునేది కూలి మాత్రమే. ఒక 'గో' (180 మిల్లీలీటర్ల కొలత) బియ్యం పట్టుకెళితే పది ముద్దలు చేతిలో పెట్టేవారు. అచ్చంగా పిండిమర వ్యాపారం! డబ్బాలో బియ్యం పట్టుకుని వరసలో నిలబడ్డ టోక్యో జనాన్ని తలుచుకుంటే, పక్క డబ్బాలోని పిండి మన డబ్బాలో పడిందేమోనని మరవాడితో తగాదా పడిన మన బామ్మలు గుర్తొస్తారు.

చేత్తో తినొచ్చన్నారు. పరాయి దేశంలో అంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది! ఆ ఉత్సాహంలో వ్యాసకర్త రెండో ముద్దను సాంబారులో ఇడ్లీ ముంచినట్టు సోయా సాస్‌లో అద్దాడు. ముద్ద విచ్చుకుని సాసులో మెతుకులు తేలాయి. తైషో చూశాడు. ఏమీ అనలేదు. కాసేపటికి పక్కన కొత్త గిన్నె వచ్చింది. అదే మన పంక్తిలో అయితే ఈపాటికి నలుగురు లేచి నేర్పించేవారు. మేనల్లుడు ముద్దను పక్కకి ఒరిగించి, చేప వైపు మాత్రం సాసు తగిలించి చూపించాడు.

శాకాహారి శ్రీమతికి నల్లటి నాచు రేకులో చుట్టిన 'కంప్యో' వచ్చింది. ఆవిడ మధ్యలోని గోధుమరంగు పోగును లాగి, అనుమానంగా కొరికి, రెండోసారి అనుమానం లేకుండా కొరికింది. "ఆనపకాయండీ ఇది!" ఆనపకాయే. తొచిగి ప్రాంతంలో దాన్ని పొడుగ్గా పట్టీల్లా చీరి ఎండబెడతారు, ఆ ఒరుగుల్ని సోయా, పంచదారలతో ఉడికిస్తారు. ఏడువేల రూపాయల చీర కట్టుకుని సముద్రాలు దాటొచ్చి ఆనపకాయ తిన్నానని ఆవిడ ఆ తర్వాత ఊళ్ళో చెప్పని ఇల్లు లేదు.

ఆ నాచు రేకుకూ మన కోనసీమకూ ఒక పోలిక ఉంది. నాచు విత్తు ఎక్కడ పుడుతుందో జపాన్ రైతులకు వందల ఏళ్ళు అంతుబట్టలేదు, ఒక ఏడు పండేది, ఒక ఏడు ఎండేది. క్యాథ్లీన్ డ్రూ బేకర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త అది ఆల్చిప్పల్లో దాక్కుని పెరుగుతుందని కనిపెట్టి 1949లో రాసింది. ఆవిడ జన్మలో జపాన్ చూడలేదు. అయినా కుమామొతో దగ్గర ఉతోలో ఆవిడకు స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న పూజ చేస్తారు. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే ఊళ్ళో పుట్టిన శ్రీమతికి ఇందులో ఆశ్చర్యం ఏమీ కనపడలేదు. "చెయ్యరా మరి" అంది.

చివర్లో మావయ్యా మేనల్లుడూ తియ్యటి గుడ్డు అట్టు ముక్కొకటి తిన్నాక అందరూ లేచారు. 'ఇంకొక్కటి వేసుకోండి' అన్నవాళ్ళు లేరు, 'మా మీద ఒట్టు' అన్నవాళ్ళూ లేరు. ఒట్టు పెట్టేవాడు లేక ఆగిపోయిన భోజనం వ్యాసకర్త జీవితంలో ఇదే మొదలు. చిన్న కాగితం మీద చేత్తో రాసిన బిల్లు, భయపడినదాంట్లో సగం కూడా లేదు. ఆ సంతోషంలో ఆయన 500 యెన్‌ల నాణెం ఒకటి బల్ల మీద వదిలి, దొరలా బయటికి నడిచాడు.

సందు మలుపు దాకా వచ్చారో లేదో, వెనక చెప్పుల చప్పుడు. టీ ఇచ్చిన పెద్దావిడ రొప్పుతూ పరిగెత్తుకొస్తోంది, రెండు చేతుల్లో ఆ నాణెం. మరిచిపోయారు అని అందించి, నడుం వంచి దండం పెట్టి, మోకాలు పట్టుకుని వెనక్కి నడిచింది. జపాన్‌లో టిప్పు తీసుకోరు.

నిషికసాయ్ వెళ్ళే తెలుగువారికి మనవి: ఆ కొట్లో చిల్లర వదలకండి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు.