డబ్బా చీటీకి టీకా తాత్పర్యము

మూలము
తప్పు నాణేలు. తుడవవద్దు. వాడవద్దు. హుండీలో వెయ్యవద్దు.

అవతారిక
తాపీ నది సముద్రమున కలియు హజీరాలో, ఉక్కు కర్మాగారపు క్వార్టరు వంటింట, పోపుల డబ్బా వెనుక నున్న మరొక డబ్బాకు అంటించిన గ్రంథమిది. కర్త కరీంనగరు నుండి వచ్చి షిఫ్టు డ్యూటీ చేయు గృహస్థు. శ్రోత ఆయన ఇల్లాలు. కాళిదాసునకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు సీమవాడు. పక్క జిల్లావాని చీటీకి వ్యాఖ్య లేకుండుట బాగుండదని పూనుకొంటిమి.

ప్రతిపదార్థము
తప్పు = టంకశాలలోనే పుట్టిన దోషము గల; నాణేలు = రూపాయి మొదలు పది రూపాయల వరకు గల బిళ్లలు; తుడవవద్దు = చింతపండు, నిమ్మచెక్క, తోముడు పొడి దరి చేర్చవద్దు; వాడవద్దు = కూరలవానికి ఇయ్యవద్దు; హుండీలో = ముడుపు మూటతో సహా; వెయ్యవద్దు = స్పష్టము.

టీక
తప్పు అనగా తప్పుడు కాదు. తప్పుడు నాణెము కలవాడు పోలీసులకు జవాబు చెప్పవలెను; తప్పు నాణెము కలవాడు ఇల్లాలికి చెప్పిన చాలును. దోషము అచ్చు కింద పుట్టినచో గుణము, బజారులో పుట్టినచో దెబ్బ. పది రూపాయల బిళ్ల నడిమి భాగమును ఊడగొట్టి తలకిందులుగా బిగించి అమ్మువారు కలరు. అది దోషము కాదు, దొంగతనము. నాణెమును కోయుట, కరిగించుట 2011 నాణేల చట్టము ప్రకారము నేరము కూడ.

ముద్ర పక్కకు జరిగినది, అంచు తెగినది సామాన్యములు. పుస్తకపు పేజీవలె తిప్పినప్పుడు వెనుక బొమ్మ తలకిందులైనది మధ్యమము. ఉత్తమము లాఖీ. కొట్టిన నాణెము జారిపోక ఒక అచ్చుకే అతుక్కొనును. తరువాతి బిళ్ల దాని కింద పడును. అప్పుడా బిళ్లకు ఒకవైపు ముద్ర ఉబ్బెత్తుగాను, రెండవవైపు అదే ముద్ర అద్దములోవలె తిరగబడి గుంటగాను పడును. కర్త వద్దనున్న లాఖీకి రెండు వైపులా సింహములే, విలువ అంకె ఎక్కడా లేదు. కర్త దీనిని చూపునప్పుడు అన్నము చల్లారును. సంవత్సరము కింద నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాల గుర్తు గనుక వేరు వరుసలో పెట్టును. ఆ టంకశాల సైఫాబాదులో 1903 నుండి, చర్లపల్లిలో 1997 నుండి నాణెములు కొట్టినది. పుట్టింటి పక్షపాతము క్షంతవ్యము.

పూర్వపక్షము: మొగలుల కాలము నుండి పేరుపడిన సూరత్ టంకశాల పేరుతో ఈస్టిండియా కంపెనీవారు కొట్టించిన రూపాయిపై మొగలు చక్రవర్తి షా ఆలం 46వ పాలనా సంవత్సరము కలదు. 1806లో ఆయన పోయిన తరువాత కూడ అదే అంకె వేసిరి. అదియు తప్పు నాణెమేనా?
సమాధానము: కాదు. పాత ఏటి రూపాయికి షరాబులు బట్టా, అనగా తరుగు, కోయుదురు గనుక నాణెముపై ఏటి అంకెను కదలకుండ నిలుపుట ఆ కాలపు పద్ధతి. తెలిసి చేసినది రాజనీతి, తెలియక జారినది మాత్రమే మన డబ్బాకు అర్హము.

తుడవవద్దు: తోమిన నాణెము మెరయును, ధర చచ్చును. ఇల్లాండ్రు దీనిని నమ్మరు. వేళ్లతో అంచు పట్టవలెనే గాని ముఖము ముట్టరాదు. మెత్తని పీవీసీ సంచులు పనికిరావు. కొంతకాలమునకు వానినుండి జిగట ఊరి నాణెమునకు పచ్చని చిలుము పట్టును. మైలార్ కవర్లు శ్రేష్ఠము. హజీరాలో ఉప్పుగాలి మరియొక శత్రువు. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చు సిలికా జెల్ పొట్లములను కర్త దాచుట పిసినారితనము కాదని ఇందుమూలమున తెలియవలెను.

వాడవద్దు: లాఖీ రూపాయి సంతలో రూపాయే, ఒక్కొక్కప్పుడు అదియు కాదు. నాణెములు తెలిసినవాడు కొన్నప్పుడే దానికి ధర. ఆర్బీఐ పేరు చెప్పి కమీషను కట్టుమనువారు మోసగాండ్రని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించినది.

తాత్పర్యము
డబ్బా ముట్టవద్దు.

పాఠాంతరము
చీటీ అడుగున పెన్సిలుతో, వేరొక దస్తూరీలో, “పాలబ్బాయికి రెండు ఇచ్చాను” అని కలదు. ఇది ప్రక్షిప్తమని కర్త వాదము. డబ్బాలో రెండు తగ్గినవి గనుక ప్రామాణికమని మా నిర్ణయము.