95కు కలిదిండి టీక

మూలం చిన్నది, అంతర్జాతీయ ఫుట్‌బాల్ గోల్స్ పట్టికలో ఒక్క వరుస: ‘సునీల్ ఛేత్రి, భారత్, 95 గోల్స్’. ఇంత పొట్టి మూలానికి టీక ఎందుకని కలిదిండి టీ కొట్టు దగ్గర ఎవరూ అడగరు. రొయ్యల రేటు తేలాక మిగతా సాయంత్రమంతా వ్యాఖ్యాతలదే.

ప్రతిపదార్థం. సునీల్ ఛేత్రి అనగా నేపాలీ కుటుంబంలో పుట్టినా మనవాడే అయినవాడు. ప్రమాణం గట్టిదే: తండ్రి సైన్యంలో ఉద్యోగి, కొడుకు 1984 ఆగస్టు 3న పుట్టింది సికింద్రాబాద్‌లో. భారత్ అనగా ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని జట్టు. ఇక 95. చెరువుల ఊళ్లో అంకె చెవిన పడితే ముందు కౌంటే తడుతుంది, కిలోకు ఎన్ని తూగాయని. 30 కౌంటయితే బలిసిన రొయ్య, 95 అయితే పెదవి విరుపే. గోల్స్‌కు ఆ లెక్క తిరగబడుతుంది.

పాఠభేదాలున్నాయి. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి ఛేత్రి వీడ్కోలు చెప్పేసరికి 94. కాబట్టి పాత ప్రతుల్లో అదే కనబడుతుంది. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో, మాల్దీవుల మీద, ఎడమవైపు నుంచి లిస్టన్ కొలాసో వేసిన క్రాస్‌ను 40 ఏళ్ల మనిషి తలతో లోపలికి నెట్టాడు. దాంతో 95. ఇరాన్ అలీ దాయీకీ ఈ బెడద తప్పలేదు: ఏళ్ల తరబడి 109 అన్నారు, తర్వాత 108 అన్నారు. ఒకటి పోతే పోయింది, అష్టోత్తరం దక్కింది!

ఆక్షేపం: నేపాల్ మీదా మాల్దీవుల మీదా కొడితే అదీ ఒక గొప్పేనా? సమాధానం: రొనాల్డో లక్సెంబర్గ్ మీద 11 కొట్టాడు, అతణ్ని ఎవరూ నిలదీయలేదు. పైగా 2008లో ఢిల్లీలో తజికిస్తాన్‌తో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్‌లో ఛేత్రి హ్యాట్రిక్ కొట్టబట్టే భారత్ 27 ఏళ్ల తర్వాత, 2011లో, ఆసియా కప్‌కు వెళ్లింది. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించినప్పుడు రెండు అతనివే.

అయినా ఆక్షేపం పూర్తిగా చావలేదు. అదే సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టాడు. రెండు మ్యాచ్‌లూ మనం ఓడిపోయాం. పట్టికలో ఆ రెంటి విలువా రెండే. నిజానికి ఛేత్రి గోల్స్‌లో పదింటికి సరితూగుతాయవి.

మరి వీడ్కోలు చెప్పినవాణ్ని మళ్లీ ఎందుకు పిలిచారు? పిలిచిన కోచ్ మనోలో మార్క్వెజ్, 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి మన క్లబ్బుల లీగు ఐఎస్‌ఎల్ టైటిల్ తెచ్చిపెట్టినవాడు. క్లబ్బులు గోల్ కొట్టే చోట ఎక్కువగా విదేశీయులనే నిలబెడతాయి. జాతీయ జట్టుకు ఆ వీలు లేదు. ఛేత్రిని వెనక్కి పిలిచిన ఐఎస్‌ఎల్ సీజన్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ఎవరని చూస్తే మళ్లీ ఛేత్రియే తేలాడు.